పద్నాలుగో వరసలో వెనక పేజీ

పద్నాలుగో వరసకి మంచి పేరు లేదు. ఆ కొండ లోపలి గిడ్డంగిలో మిగతా వరసల్లోకి అందరూ ఈల వేసుకుంటూ వెళ్తారు. పద్నాలుగు దగ్గరకొచ్చేసరికి ఈల దానంతటదే ఆగిపోతుంది.

నార్వేలో ఒకప్పుడు రాగి తవ్విన కొండ అది. రాగి అయిపోయాక, ఆ బోలు కడుపులో చచ్చిపోయినవాళ్ళ ఆస్పత్రి కాగితాలు దాస్తున్నారు. బతికున్నవాళ్ళ కాగితం ఒక్కటి కూడా అక్కడికి రాదు. ఎంత పెద్ద ఆఫీసరైనా ముందు పోవాలి, ఆ తర్వాతే ఫైలుకి చోటు.

ఈ సంగతి నాకు చెప్పింది ఓడ్వార్. ముప్పై ఏళ్ళుగా అక్కడ కాపలాదారు. అబద్ధం చెప్పడానికి కూడా బద్ధకించే మనిషి.

కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఓడ్వార్ ఒక తమాషా చూపిస్తాడు. లోపలికి తీసుకెళ్ళి అగ్గిపుల్ల గీస్తాడు. తల చిటుక్కుమని మెరుస్తుంది... పుల్ల అంటుకోదు. నిప్పంటే భయం కాబట్టి అక్కడి గాలిలో ప్రాణవాయువు తగ్గించి ఉంచుతారు. అందులో మనిషి కాస్త తలనొప్పితో బతికేస్తాడు. మంట మాత్రం బతకదు.

నకళ్ళు తీసి పంపే పనిలో చేరిన టోవేకి ఆ తమాషా చూపించినప్పుడు ఆవిడ ఆవలించింది. యాభై రెండేళ్ళ మనిషి, నోరు పదును. దెయ్యాల మాటెత్తితే చాలు, ఏకిపారేస్తుంది.

"బీరువాలు వాటంతటవే కదులుతున్నాయి తల్లీ!" అన్నాడు ఓడ్వార్ ఒకసారి.

"పట్టాల మీది బీరువాలు కదలక ఏం చేస్తాయి బాబాయ్? గాలాడ్డానికి రోజూ నాలుగింటికి విడిపోయేట్టు పెట్టారుగా."

"మరి లైట్లో? మనిషి లేకుండా వెలుగుతున్నాయే?"

"ఏది కదిలినా వెలుగుతాయి. బీరువా కదిలింది, లైటు వెలిగింది. అయినా దెయ్యానికి ఇక్కడేం పని? ఉన్నవన్నీ పైల్సూ, గజ్జీ, అజీర్తీనూ. ఆ రోగాలు మళ్ళీ చదువుకోడానికి ఎవడొస్తాడు?"

ఓడ్వార్ ఇంకో కప్పు కాఫీ పోసుకున్నాడు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, మూడున్నర అయింది. బయట అప్పటికే చిమ్మచీకటి. టోవే బల్ల మీద ఫోను మోగింది. మాట్లాడేది మాగ్న్‌హిల్ అనే ఎనభై ఆరేళ్ళ ముసలావిడ. నలభై ఏళ్ళ కిందట ఆవిడ భర్త హల్వార్డ్ కొట్టం కప్పు మీంచి పడి, ఆ రాత్రే ఆస్పత్రిలో పోయాడు. తను చచ్చేలోగా ఆయన చివరి రాత్రి ఎలా గడిచిందో తెలుసుకోవాలని ఆవిడ ఆయన కాగితాల నకలు అడిగింది. కిందటి వారమే టోవే పంపింది.

"అమ్మాయ్, నువ్వు పంపింది చదివాను. 'రోగి ఒంటి నుంచి ఘాటైన సారా వాసన' అట."

మాగ్న్‌హిల్ ఆ ఊరి మద్యనిషేధ సంఘానికి ముప్పై ఏళ్ళు అధ్యక్షురాలు. ఆ సంగతి లోయంతటికీ తెలుసు.

"నలభై ఏళ్ళు ఆయన సమాధికి పువ్వులు పెట్టాను. పక్కన నాకు చోటు ఉంచుకున్నాను. తాగి పడ్డవాడి పక్కన నేను పడుకోను. రేపు పొద్దున్నే చర్చి ఆఫీసుకెళ్ళి, ఆ చోటు వదిలేస్తున్నానని సంతకం పెడతాను. సమాధుల తోట గోడవతల చోటిమ్మన్నాను."

"మామ్మగారూ..."

"మాట పూర్తి కానియ్యి. ఒక్కటి చేసిపెట్టు. అసలు కాగితంలో కూడా అలాగే ఉందేమో చూడు. నీ మిషను ఏమైనా పొరపాటు పడిందేమో... చూసి చెప్పు."

మిషన్లు సారా వాసన కల్పించవని టోవేకి తెలుసు. అయినా కుర్చీలోంచి లేచింది. ఆ కాగితం పంపిన చేయి తనదేనాయె.

హల్వార్డ్ పెట్టె ఉన్నది పద్నాలుగో వరసలో. ఉంటుందిగా మరి.

లోపల టకటకా లైట్లు వెలిగాయి. టోవే వరస మధ్యలోకి వెళ్ళింది. పెట్టె దించింది. ఫైలు తెరిచి చదివింది... ఘాటైన సారా వాసన. అక్షరం పొల్లు పోలేదు. అలాగే నిలబడిపోయింది.

అప్పుడు ఆవిడ ముక్కుకి కర్పూరం వాసన తగిలింది.

తల తిప్పితే వరస చివర ఒకాయన నిలబడి ఉన్నాడు. ఉన్ని చొక్కా, రబ్బరు బూట్లు, పళ్ళ మధ్య పైపు. ఒక కాలు ఈడుస్తూ దగ్గరికొచ్చాడు. ఆ వారం బీరువాల మెకానిక్ రావాలి. ఈయనే అయ్యుంటాడనుకుంది టోవే.

"పైపు జేబులో పెట్టుకోండి. ఇక్కడ తాగకూడదు," అంది.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. ఆవిడ చేతిలో కాగితం వైపు గడ్డం చూపించి, మెల్లగా అన్నాడు:

"వెనక్కి తిప్పు."

"ఏంటి?"

"వారం రోజులుగా చూస్తున్నా. ఒక్కళ్ళూ వెనక్కి తిప్పరే..."

టోవే తిప్పబోయింది. సరిగ్గా అప్పుడే లైట్లు ఆరిపోయాయి. నిమిషం సేపు ఎవరూ కదలకపోతే అవి ఆరిపోతాయి, అది మామూలే. చెయ్యి ఊపితే మళ్ళీ వెలగాలి. ఊపింది. వెలగలేదు. ఇంకోసారి ఊపింది...

చర్రుమని శబ్దమైంది. ఆయన అగ్గిపుల్ల గీశాడు. పచ్చటి వెలుగులో కాగితం వెనకవైపు కనిపించింది. దాని నిండా పెన్సిలు రాత, రాత్రి డ్యూటీ నర్సుది. టోవే గబగబా చదివింది.

'సారా వాసన నోటిది కాదు, శ్వాస శుభ్రంగా ఉంది. కుడి మోకాలికి కర్పూరం కలిపిన సారాతో పట్టు వేసుకున్నాడు. మోకాలు ఆర్నెల్లుగా బాగోలేదట. భార్యకి చెప్పొద్దని బతిమాలాడు. తెలిస్తే నిచ్చెన ఎక్కనివ్వదట, వానలకి ముందు కప్పు వేసేయాలట. చివరిదాకా ఆవిడ పేరే పలికాడు.'

నకలు తీసేటప్పుడు కట్టంతా మిషన్లో పడేసి, ముందువైపు మాత్రమే తీయమని మీట నొక్కింది టోవేనే. ఆవిడకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

లైట్లు భగ్గున వెలిగాయి. వరసలో ఎవరూ లేరు. మర్యాద తెలీని మెకానిక్, చెప్పకుండా పోయాడనుకుంది. కాలిన పుల్ల పెట్టె మూత మీద పడి ఉంది. విసుక్కుంటూ దాన్ని జేబులో వేసుకుని, కాగితం పట్టుకుని బయటికి పరిగెత్తింది.

ఫోన్లో ఆ పేజీ మొత్తం చదివి వినిపించింది.

"మోకాలా!" అంది మాగ్న్‌హిల్. "మొండిఘటం! ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది? ఆ కప్పు నేనే ఎక్కి వేసేదాన్ని కాదూ!" తిడుతూ తిడుతూ ఏడ్చేసింది. ఏడుస్తూనే మళ్ళీ తిట్టింది. "ఇక ఆయన పక్కనే పడుకుంటాను. అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఎక్కడికి పోతాడో చూస్తా."

టోవే ఓడ్వార్ దగ్గరికెళ్ళింది.

"బాబాయ్, ఆ మెకానిక్‌కి కాస్త గడ్డి పెట్టు. లోపల పైపు వెలిగించబోయాడు."

"ఏ మెకానిక్? వాడు శుక్రవారం వస్తాడు. లోపలికెళ్ళింది నువ్వొక్కదానివే, తలుపు లెక్క నా ముందే ఉంది."

"కుంటుతూ నడుస్తాడు. కర్పూరం కంపు. అగ్గిపుల్ల గీసి, నేను పేజీ అంతా చదివేదాకా పట్టుకున్నాడయ్యా..."

ఆవిడ చెయ్యి జేబు మీదికి పోయింది.

ఓడ్వార్ సొరుగులోంచి తన అగ్గిపెట్టె తీసి, ఆవిణ్ణి పద్నాలుగో వరసకి తీసుకెళ్ళాడు. గీశాడు. చిటుక్... ఆరిపోయింది. ఇంకోటి. చిటుక్... ఆరిపోయింది. పది పుల్లలు గీశాడు. పదింటికీ తలలే నల్లబడ్డాయి, పుల్లలు తెల్లగానే ఉన్నాయి.

టోవే జేబులోంచి తన పుల్ల తీసింది. వేలు పట్టుకునే చోటుదాకా నల్లగా కాలిపోయి ఉంది.

దెయ్యాల మీద టోవే ఇప్పటికీ ఎగతాళి మానలేదు. కాకపోతే ప్రతి కాగితాన్నీ వెనక్కి తిప్పుతుంది. వెనక ఖాళీగా ఉన్నా సరే, నకలు తీస్తుంది. సాయంత్రం తలుపు వేసేముందు పద్నాలుగో వరస వైపు తిరిగి మెల్లగా అడుగుతుందట:

"ఇంకెవరికైనా ఏమైనా చెప్పాల్సింది ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి... నేను ఇంటికెళ్ళాలి."

ఒక్కో రోజు లైటు వెలుగుతుంది. ఆ రోజు ఆవిడ ఇంటికి ఆలస్యంగా వెళ్తుంది.