వేడికి ఊడని మొన

"రాడార్ కోడ్ ఒక బాణం కడుపులో సరిహద్దు దాటబోతోంది," అన్నాడు గూఢచారి శాఖకు అధిపతైన పెద్దాయన. "ఆపాలి. ఆపినట్టు వాళ్లకి తెలియకూడదు."

ఎదురుగా నిలబడ్డ ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ చిరుత అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అది విన్నప్పుడల్లా అతని మెడ కొంచెం పొడుగయ్యేది. పని చిటికెలో చేస్తాడన్న మాట నిజమే. పని చెప్పడం పూర్తయ్యేలోపే మొదలుపెడతాడన్న మాట కూడా అంతే నిజం.

పెద్దాయన చెప్పిన సంగతి ఇది. కోడ్ ఉన్న చిప్ ఒక విదేశీ ముఠా చేతికి చిక్కింది. ముఠా నాయకుడు అంతర్జాతీయ విలువిద్య పోటీలకు కోచ్ వేషంలో వచ్చాడు. కార్బన్ బాణం లోపలంతా బోలు. ముందు వైపు చిన్న లోహపు గొట్టాన్ని జిగురుతో అతికించి, దానికి మొనను మరమేకులా తిప్పి బిగిస్తారు. ఆ గొట్టాన్నే ఇన్సర్ట్ అంటారు. చిప్ దాని వెనక దాగి ఉంది. చిరుత స్టేడియం వర్క్‌షాపులో టెక్నీషియన్‌గా చేరాలి. అసలు చిప్ తీసి నకిలీది పెట్టాలి. ఆ నకిలీని ముఠా ఏ కంప్యూటర్లో పెట్టినా, వాళ్ల స్థావరాలన్నీ మన మ్యాప్ మీద వెలుగుతాయి.

తర్వాత ల్యాబ్ కెమిస్ట్ మూడు జిగుర్లు బల్ల మీద పెట్టింది. సూపర్‌గ్లూ క్షణంలో పడుతుంది గానీ పెళుసు, బాణం గట్టిగా తగిలితే వదిలేస్తుంది. ఎపాక్సీ మొండిది, ఒకసారి పట్టిందంటే బాణాన్ని కోయాల్సిందే. హాట్‌మెల్ట్ కొంచెం వేడి తగిలితే మెత్తబడి ఊడుతుంది, చల్లారితే మళ్లీ పట్టుకుంటుంది. ముఠా వాడింది హాట్‌మెల్టే కాబట్టి అతనూ అదే వాడాలని ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పింది. చిరుత ఆ సమయంలో తన కొత్త మీసం అద్దంలో చూసుకుంటున్నాడు.

"జిగురే కదండీ," అన్నాడు. "చూసుకుంటాను."

వర్క్‌షాపులో మొదటి రోజే అతని పరువు గంగలో కలిసింది. ఒక జట్టు వాళ్లు మూడు బాణాలకు ఇన్సర్టులు అతికించమంటే, తొందరగా అయిపోతుందని సూపర్‌గ్లూ వేసి ఇచ్చాడు. క్రీడాకారిణి బాణాలు వేసి, వెళ్లి లాగింది. మూడూ వచ్చాయి, మొనలు మాత్రం టార్గెట్లోనే ఉండిపోయాయి. ఆమె ఆ మొనల్లేని బాణాలను పైకెత్తి చూపిస్తే మైదానమంతా నవ్వింది. కోచ్ అయితే పొట్ట పట్టుకుని నవ్వాడు. పేరుమోసిన చిరుత స్క్రూడ్రైవర్ వెతుకుతున్నట్టు బల్ల కిందికి దూరాడు. ఇది వేషమే, నిజం కాదని తనకు తాను చెప్పుకున్నాడు. అయినా అన్నం సహించలేదు.

ఆ సాయంత్రం ఒక పొడవాటి స్త్రీ నల్ల కళ్లద్దాలతో, చేతిలో ఒక బాణంతో వర్క్‌షాపుకు వచ్చింది. మైదానంలో అందరూ ఆమెను మేడమ్ అంటారు. కోచ్‌కు దుబాసీ, ముఠాకు కొరియర్, నిజానికి ఏళ్ల తరబడి ముఠా లోపల పనిచేస్తున్న మన మనిషి.

"వింటి తీగ మారుస్తారా?" అని అడిగింది.

"మారుస్తాం గానీ ముడి మీరే వెయ్యాలి," అన్నాడు చిరుత. సంకేత వాక్యం సరిపోయింది.

ఆమె గుమ్మంలో కాపలా కాస్తుంటే అతను మొనకు మంట చూపించాడు. జిగురు మెత్తబడింది, ఇన్సర్ట్ సుతారంగా బయటికొచ్చింది. చిప్ మార్చాడు. ఇక అతికించాలి. హాట్‌మెల్ట్ కడ్డీ చేతి దగ్గరే ఉంది. కానీ కళ్ల ముందు ఆ మూడు మొండి బాణాలే ఆడుతున్నాయి. మళ్లీ మొన ఊడితే ఇంకేమైనా ఉందా? అన్నిటికంటే గట్టిది ఏదో అదే మంచిదనుకుని ఎపాక్సీ కలిపాడు. చేతి గడియారంలో దాచిన మైకులో "పని పూర్తయింది" అని పెద్దాయనకు చెప్పేశాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నం, ఫైనల్స్ జరుగుతుండగా, మేడమ్ చేతి తొడుగు కొనే మిషతో మళ్లీ వచ్చింది. కోచ్ బాణాన్ని అలాగే పట్టుకెళ్లడట. పోటీ అయ్యాక డ్రెస్సింగ్ రూములో ఆమె ఎదుటే మొన వేడి చేసి తెరుస్తాడట. కోచ్‌కు తాను వేసిన జిగురేదో తెలుసు, లైటర్ చూపించగానే ఊడాలి. ఊడకపోతే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టినట్టే లెక్క. ఇన్నాళ్లూ ఆ బాణం ఉన్నది ఆమె దగ్గరే.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయిగా?" అని అడిగింది.

చిరుత లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే ఆమె అక్కడి నుంచే పారిపోవచ్చు. ఇన్నేళ్ల ఆమె కష్టం బూడిదవుతుంది, తన పేరు కూడా.

"సరిగ్గానే ఉన్నాయండీ," అన్నాడు.

ఆమె నమ్మింది. నమ్మి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్లింది. ఆ నమ్మకం చూశాక అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. తుపాకీ గుళ్ల మధ్య నుంచి నడిచొచ్చిన మనిషి, ఒక జిగురు తప్పు ఒప్పుకోలేక, ఒక ఆడమనిషిని చావుకు పంపాడు. గడియారంలో పెద్దాయనను పిలిచి దాడి చేయించవచ్చు. కానీ తలుపు బద్దలయ్యేలోపు ఆమె బతికుండదు. మైదానంలో చప్పట్లు మోగాయి. పోటీ అయిపోయింది. చిరుత పనిముట్ల పెట్టె పట్టుకుని పరుగెత్తాడు.

దారిలో ఒక మంచి కథ అల్లాడు. ఎయిర్‌పోర్టు తనిఖీ, కొత్త నిబంధనలు, చిరునవ్వు. కోటు గుండీలో పొగబాంబు ఉండనే ఉంది. తలుపు తోసేసరికి లోపల కార్బన్ మాడిన వాసన. కోచ్ ఒక చేత్తో లైటర్, ఇంకో చేత్తో పటకారు పట్టుకుని లాగుతున్నాడు. మొన కదలట్లేదు. అతని అనుచరుడి సైలెన్సర్ తుపాకీ మేడమ్ నడుముకు ఆనుకుని ఉంది. ఆమె కళ్లద్దాల మీదుగా ఒక్కసారి చిరుత వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు, ఇంతేనా అన్నట్టుంది.

అల్లిన కథ మొత్తం గొంతులోనే చచ్చింది.

"అది నేనేనండీ," అన్నాడు. "నిన్న ఈవిడ సామాను దించినప్పుడు మొన కదులుతున్నట్టు కనబడింది. అడక్కుండా అంచు చుట్టూ ఎపాక్సీ పోశాను. ఆ మూడింటిలా ఊడితే మళ్లీ నవ్వుతారని భయమేసింది. ఇందాక ఈవిడ అడిగితే అంతా సరిగ్గానే ఉందని అబద్ధం చెప్పాను. తప్పు నాది. ఆవిడకేం తెలీదు."

చివరి మాటలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అందులో నటన రవ్వంత లేదు.

నిన్నటి మూడు మొనలు గుర్తొచ్చినట్టు కోచ్ పెదవులు వంకరపోయాయి, ఆపైన పగలబడి నవ్వాడు. చెంప చెళ్లుమనిపించి, నువ్వే కొయ్యి అని బాణం చేతిలో పెట్టాడు. చిరుత రంపపు బ్లేడుతో ఇన్సర్ట్ వెనక మెల్లగా కోశాడు. చిప్ జారి బల్ల మీద పడింది. అనుచరుడు తుపాకీ దించలేదు. కోచ్ చిప్‌ను లాప్‌టాప్‌లో పెట్టాడు. తెర మీద గీత నెమ్మదిగా నిండుతోంది. చివరి గడి దగ్గర ఆగింది. కోచ్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. అప్పుడు చిరుత చెవిలో దాచిన రిసీవర్‌లో పెద్దాయన గొంతు వినబడింది: "వాళ్ల గూళ్లన్నీ మ్యాప్ మీద వెలిగాయి."

మేడమ్ మోచెయ్యి అనుచరుడి మణికట్టు మీద, చిరుత పనిముట్ల పెట్టె కోచ్ తల మీద ఒకేసారి పడ్డాయి. స్టేడియంలో తోటమాలి వేషాల్లో కాచుకున్న కమాండోలు లోపలికొచ్చేసరికి చెయ్యడానికి పెద్దగా పనేం మిగల్లేదు.

ఆఫీసులో పెద్దాయన పొంగిపోయాడు. గడియారంలో అంతా విన్నాడట. ఆ మాటల్లో వణుకు, ఆ ఏడుపు గొంతు, అలాంటి నటన తన సర్వీసులో చూడలేదన్నాడు. కెమిస్ట్‌తో సహా గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ ఒక్కతే కొట్టలేదు.

నవ్వి ఊరుకుంటే సరిపోయేది. చిరుతకు ఆ చప్పట్లు ఒంటి మీద తేళ్లు పాకినట్టున్నాయి.

"నటన కాదండీ," అన్నాడు, నేల చూస్తూ. "హాట్‌మెల్ట్ వెయ్యమంటే ఎపాక్సీ వేశాను. ఈవిడ అడిగితే అబద్ధం చెప్పాను. నా పరువు కోసం."

గది చల్లబడింది. పెద్దాయన మేడమ్ వైపు తిరిగాడు. తర్వాతి మిషన్‌లో తోడుగా ఇంకెవరినైనా ఇవ్వమంటావా అని అడిగాడు.

ఆమె నల్ల కళ్లద్దాలు తీసింది. డ్రెస్సింగ్ రూములో లేని కోపం ఇప్పుడు కళ్లలో ఉంది, ఇప్పట్లో పోయేలా లేదు.

"వద్దండీ, ఈయన్నే ఇవ్వండి," అంది. "అబద్ధం చెప్పి ఒక పూట కూడా మొయ్యలేని మనిషి మన డిపార్ట్‌మెంటులో ఈయనొక్కడే."