ఆపరేషన్ అమ్మో

"పదకొండింటికి షేర్ మార్కెట్ కూలుతుంది. ఎలాగో తెలీదు. ఆపు," అన్నాడు చీఫ్.

గోడ గడియారంలో పొద్దున పది దాటింది. ఏజెంట్ నిదానం నొప్పెడుతున్న మోకాలు రుద్దుకున్నాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఈ చీఫ్ ఒక్క పనైనా ముందురోజు చెప్పిన పాపాన పోలేదు.

"ఆధారం?"

"విదేశీ ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ మఖ్మల్ పంపిన ఒకే ఒక్క మాట. 'అమ్మో'. కోడ్ విభాగం మూడు రోజులుగా జుట్టు పీక్కుంటోంది. టార్గెట్ మాత్రం 'తోడు' యాప్."

తోడు పెట్టుబడి సలహాలిచ్చే యాప్. నోటితో చెబితే చాలు, షేర్లు కొంటుంది, అమ్ముతుంది. రెండోసారి అడగదు. అడిగితే కుర్రకారుకి విసుగు. అలాంటివాళ్లు మూడు లక్షలమంది. వాళ్లలో నిదానం మేనకోడలొకతె. సొంతంగా కుక్కల క్లినిక్ పెట్టుకోవాలని మూడేళ్ల జీతం అందులోనే దాచింది.

కారెక్కగానే ఆమెకి ఫోన్ చేశాడు.

"ఆ డబ్బు బయటికి తీసెయ్యవే."

"ఎందుకు మావయ్యా? మనిషిని సలహా అడిగితే పెళ్లెప్పుడని కూడా అడుగుతాడు. ఇది అడగదు... అమ్మో, పాలు పొంగాయి!"

వెనక నుంచి తియ్యటి గొంతు వినిపించింది. "సరే, పది షేర్లు అమ్ముతున్నాను."

"ఏయ్, వద్దొద్దు! దీనికి కాస్త చెవుడు మావయ్యా. అమ్మో అంటే అమ్ము అనుకుంటుంది."

నిదానం నిద్రమత్తు దిగిపోయింది. ముఠా ఎత్తు అర్థమైంది. పదకొండింటికి అన్ని ఫోన్లలో షేర్లు పడిపోతున్నట్టు ఎర్రటి దొంగ గ్రాఫ్ వెలుగుతుంది. మూడు లక్షల నోళ్లు ఒకే మాట అంటాయి. యాప్ అందరి షేర్లూ ఒకేసారి అమ్మేస్తుంది. ముఠా కారుచౌకగా కొనేస్తుంది.

ఏసీ మెకానిక్ వేషంలో తోడు సర్వర్ రూమ్‌లోకి దూరేసరికి పదీ యాభై ఎనిమిది. లోపల నల్ల సిల్కు గౌనులో మఖ్మల్, చేతిలో పిస్టల్.

"ఇంతాలస్యమా?" పిస్టల్ దించి, ఎత్తు చెప్పులు విప్పేసి, నేలమీద కూలబడింది. "ఆ గ్రాఫ్ విదేశం నుంచి వస్తుంది. ఆపలేం."

"ఇంతకీ నువ్వు ఏ పక్షం?"

"కూర్చోమన్న పక్షం."

"జనం నోరు ఆపలేకపోతే యాప్ చెవి మార్చేద్దాం," అన్నాడు నిదానం.

సర్వర్ స్క్రీన్ మీద 'వినికిడి భాష: తెలుగు' అని ఉంది. పక్కనున్న మెనూ తెరిచి, ఊరూ పేరూ తెలియని ఏదో భాష నొక్కాడు. గీత మెల్లగా నిండుతోంది. ఇంకా ఐదు సెకన్లు. మూడు. ఒకటి.

పదకొండు.

స్క్రీన్ మీద మూడు లక్షల 'అమ్మో'లు పోటెత్తాయి. అన్నిటికీ ఒకటే జవాబు: "క్షమించండి, అర్థం కాలేదు."

ఫోన్ మోగింది. మేనకోడలు.

"మావయ్యా, గ్రాఫ్ చూసి గుండె జారిపోయింది! నేను అరుస్తుంటే ఇది చలించలేదు తెలుసా? మళ్లీ అంతా మామూలైపోయింది. ఫైవ్ స్టార్స్ ఇచ్చేశాను."

"మంచిపని చేశావమ్మా," అని పెట్టేశాడు.

"ఏమంటోంది?" అడిగింది మఖ్మల్, పాదాలు నొక్కుకుంటూ.

"యంత్రానికి నిబ్బరం ఎక్కువట."