పావు తిప్పు

ఉదయం ఆరింటికి మెకానిక్ శవం దొరికింది.

టీమ్ ట్రక్కులో, వరసగా వేలాడుతున్న పద్దెనిమిది సైకిళ్ళ కింద, అలసిపోయి నడుం వాల్చినట్టు పడి ఉన్నాడు. మెడ మీద సూది మొనంత నీలి మచ్చ. కుడి గుప్పిట్లో నాలుగో నంబరు ఎలెన్ కీ, అంటే బోల్టులు తిప్పే ఆరు పలకల పుల్ల.

ఆరుంపావుకల్లా పానా హోటల్ లాండ్రీ గదిలో చీఫ్ ముందు నిలబడ్డాడు. పానా అసలు పేరు డిపార్ట్‌మెంట్ ఫైల్లో తప్ప ఎక్కడా లేదు. సైకిల్ షాపు వాడి కొడుకు కాబట్టి సీక్రెట్ సర్వీసులో చేరిన మొదటి రోజే ఆ పేరు అతుక్కుపోయింది.

"పోయినవాడు మన మనిషే," అన్నాడు చీఫ్, తిరుగుతున్న వాషింగ్ మెషీన్ల రొదలో. "రెండేళ్ళుగా ఒకే ఒక్క రైడర్‌కి కాపలా ఉన్నాడు. అందరూ గడియారం అంటారు, తెలుసుగా?"

"తెలియకపోవడమేంటి సార్? కొండెక్కేటప్పుడు సీటు మీంచి లేవడు. మొదటి కిలోమీటరు ఎంత వేగమో ఆఖరిదీ అంతే. అతనికి పోటీ వచ్చే మిడత దీనికి పూర్తిగా రివర్స్. లేచి నిలబడతాడు, హ్యాండిల్ ఊపుతాడు, ఒక్క దూకు దూకుతాడు. ఆయాసం తీర్చుకుని మళ్ళీ దూకుతాడు."

"ఇవాళ ఎవరు గెలుస్తారు?"

"గడియారం మంచి ఫామ్‌లో ఉన్నాడు. లయ తప్పకపోతే అతనే."

"అతను గెలవకూడదు."

పానా కళ్ళు చిట్లించాడు. చీఫ్ ఒక చీటీ అందించాడు.

"సాలీడు ముఠా కోడ్‌బుక్ రాసిన మనిషి అతని తల్లి. ఐదేళ్ళ క్రితం ముఠా సభ్యుల జాబితాతో సహా మన దగ్గరకి పారిపోయి వచ్చింది. ముఖం మార్పించాం, ఊరు మార్పించాం. ఎల్లుండి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. తెల్లారి చూస్తే మంచం ఖాళీ. దిండు మీద ఇది ఉంది."

చీటీలో గుండ్రటి అక్షరాలు. 'ఈ కొండ మీద గెలిచిన రోజు ముగింపు గీత దగ్గరే కౌగిలించుకుంటానని మా వాడికి మాటిచ్చాను. గెలిస్తే వెళ్తాను. లేకపోతే దూరం నుంచి చూసి వచ్చేస్తాను. తిట్టుకోకండి.'

"ఆ మాట ముఠాకీ తెలిసింది," అన్నాడు చీఫ్. "ఆమె కొత్త ముఖం వాళ్ళకి తెలీదు. కానీ గెలిచిన కొడుకుని కౌగిలించుకునే ఆడమనిషి ఎవరో చూస్తే చాలు. గీత దగ్గర వాళ్ళ షూటర్ ఉంటాడు."

"రేసు ఆపించండి."

"అడిగాను. రేసు నిర్వాహకులు సాయంత్రం ఐదింటికి మీటింగ్ పెడతామన్నారు. రేసు నాలుగింటికి అయిపోతుంది."

"రైడర్‌కి చెప్పేస్తే?"

"నువ్వే చెప్పాలి. కొత్త మెకానిక్‌గా వెనక కారులో వెళ్తావు. కారు నడిపేది టీమ్ డైరెక్టర్ మేడమ్. ఆవిడా మన మనిషే. కోడ్ చెప్పు, సాయం చేస్తుంది." చీఫ్ ఒక చేతి పంపు తీసి ఇచ్చాడు. "పిడి గట్టిగా నొక్కితే కళ్ళు మండే గ్యాస్ వస్తుంది. అలవాటులో దీంతో టైర్‌కి గాలి కొట్టేవు!"

రేసు మొదలయ్యే ముందు పానా గడియారం సైకిల్ గేరు తీగని కాస్త వదులు చేశాడు. కొండ మీద గేరు టకటకమంటే రైడర్ కారు దగ్గరకి రాక తప్పదు. అప్పుడు చెవిలో చెప్పొచ్చని ప్లాన్. నాలుగో నంబరు కీ చొక్కా చేతి మడతలో దోపుకున్నాడు. చనిపోయినవాడి గుర్తుగా, అంతే.

డైరెక్టర్ మేడమ్ ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలతో సినిమా పోస్టర్‌లోంచి దిగినట్టు ఉంది. వెనక సీట్లో, ఒళ్ళో స్పేర్ చక్రంతో పానా. పక్కన తలా మెడా ఒకే మందం ఉన్న మసాజ్ మనిషి.

"చెయిన్ పొడిగా ఉంది మేడమ్."

"నూనె సీసా నా దగ్గరే ఉంది." కోడ్ సరిపోయింది. "నీ పక్కనున్నవాడూ మనవాడే," అంది.

కొండ మొదలవగానే పానా ఒక్క గుక్కలో అంతా చెప్పేశాడు. చీటీ సంగతి కూడా.

మేడమ్ ఒక బటన్ నొక్కింది. నాలుగు తలుపులూ టక్కున లాక్ అయ్యాయి.

"ఆవిడ వస్తుందో రాదో అని పొద్దున్నించీ ఒకటే టెన్షన్," అంది. "థాంక్స్. టెన్షన్ తీర్చావు."

మసాజ్ మనిషి తువ్వాలు కిందనుంచి పిస్టల్ గొట్టం పానా నడుముకి ఆనింది. రెండో చేత్తో పంపుని లాక్కుని, తన మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు.

ఇంకా పదకొండు కిలోమీటర్లు.

ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క జనం, వాళ్ళ వెనక లోయ. ముందు రేసు జడ్జి కారు, వెనక ఇరవై టీమ్ కార్లు. అద్దాలకి ముఖాలు అంటించి జనం అరుస్తున్నారు, బానెట్ మీద చరుస్తున్నారు. పానా కూడా అరవొచ్చు. ఇంకో పిచ్చి అభిమాని అనుకుంటారు. సెల్ సిగ్నల్ కొండ మొదట్లోనే చచ్చిపోయింది.

డాష్‌బోర్డ్ టీవీలో ముందున్నది ఇద్దరే. మిడత లేచి దూకాడు. ఇరవై మీటర్ల గ్యాప్.

"పోనీ వాణ్ణి," అంది మేడమ్ మెత్తగా రేడియోలో. "వాడి వెంట పడకు. నువ్వు కూర్చో. నీ లయ నీది. వాడే తిరిగొస్తాడు."

నిమిషంలో మిడత తిరిగొచ్చాడు. అది అబద్ధపు సలహా కాదు. ప్రపంచంలో ఏ మంచి డైరెక్టరైనా అదే చెబుతాడు. కొడుకుని గెలిపించి తల్లిని చంపిస్తోంది.

ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా గడియారం చెయ్యెత్తాడు.

"మేడమ్, గేరు టకటకమంటోంది!"

"పర్లేదు, నడుస్తుంది. తొక్కు."

"పళ్ళు జారిపోతున్నాయి! లేదంటే వేరే సైకిల్ ఇవ్వండి."

సైకిల్ మార్చితే ఇరవై సెకన్లు పోతాయి. మేడమ్ పెదవి కొరుక్కుంది. వెనక అద్దం దించింది. "సర్దు. గేరు తప్ప ఇంకో మాట బయటికొచ్చిందో, నడుముకి బొక్క పడుతుంది."

పానా నడుం దాకా కిటికీలోంచి బయటికి వంగాడు. కారు పక్కనే రైడర్ తొక్కుతున్నాడు. కుడి చెయ్యి గేరు మీద, పట్టు కోసం ఎడమ చెయ్యి సీటు కింద. కదిలే సైకిల్‌ని మెకానిక్‌లందరూ సర్దేది అలాగే. పిస్టల్ వెన్నెముకని గుచ్చుతోంది.

"కొత్తాయనవా? మా పాతాయన ఏడీ?" అడిగాడు గడియారం రొప్పుతూ.

"ఒంట్లో బాలేదు."

"సీటు మిల్లీమీటరు తేడా వచ్చినా కనిపెట్టేస్తాడు. రోజూ పొద్దున్నే ముందు ఆ సీటు బోల్టే చూస్తాడు. నువ్వు గేరు సంగతి చూడు చాలు."

ఆ పాతాయన గుప్పిట్లో నాలుగో నంబరు కీ ఎందుకుందో పానాకి తెలిసింది. తను చెయ్యాల్సిందేమిటో కూడా.

'వదులు బోల్టుతో బండి బయటికి పంపిన రోజు షాపుకి తాళం వేస్తా' అనేవాడు నాన్న. పానా మడతలోంచి కీని అరచేతిలోకి జార్చాడు. సీటు కడ్డీ బోల్టుని వేలితో వెతికాడు.

పావు తిప్పు. గేరు తీగ బిగించి లోపలికొచ్చాడు.

నాలుగు కిలోమీటర్లు ఉందనగా గడియారం మోకాళ్ళు పక్కలకి విచ్చుకున్నాయి. మూడు కిలోమీటర్లు ఉందనగా, పదిహేడేళ్ళ కెరీర్‌లో మొదటిసారి, అతను లేచి నిలబడ్డాడు.

"కూర్చో!" మేడమ్ గొంతు చీలింది. "ఎందుకు లేచావు?"

"సీటు దిగిపోయింది మేడమ్! సైకిల్ కావాలి!"

ఆమె హారన్ మీద చెయ్యి పెట్టింది. ముందున్న జడ్జి ఎర్ర జెండా చూపించాడు. ఇక్కణ్ణుంచి దారి మరీ ఇరుకు, ఏ కారూ ముందుకి వెళ్ళకూడదు. పానాని బంధించిన రోడ్డే ఇప్పుడు ఆమెనీ బంధించింది.

అప్పుడు జరిగింది పానా లెక్కలో లేనిది.

మిడత దూకాడు. గడియారం నిలబడే అతని వెంట దూకాడు. హ్యాండిల్ ఊపుతూ, దవడ బిగించి, కోపంతో. మళ్ళీ దూకాడు మిడత. మళ్ళీ పట్టేశాడు గడియారం.

"నీ పుణ్యమా అని ఇంకా స్పీడు పెరిగింది," నవ్వింది మేడమ్. "నిలబడి ఇంత తొక్కగలడని నాకే తెలీదు."

పానా ఒళ్ళోని చక్రం అంచు పట్టుకున్నాడు.

ఆఖరి మలుపు దగ్గర కార్లన్నిటినీ పక్క దారిలోకి మళ్ళించారు. టీవీలో గీత కనిపిస్తోంది. వంద మీటర్లు. యాభై. గడియారం అర చక్రం ముందున్నాడు. గుంపులో నీలం శాలువా కప్పుకున్న ఒకామె, పిడికిళ్ళు నోటికి అడ్డం పెట్టుకుని, కంచె వైపు ఒక్కో అడుగే వేస్తోంది.

పది మీటర్లు. గెలుపు అందేంతలో ఒళ్ళు తన పాత అలవాటులోకి వెళ్ళిపోయింది. ఆఖరి తొక్కుడు బలంగా తొక్కడానికి గడియారం కూర్చున్నాడు.

సీటు అక్కడ లేదు. నాలుగు వేళ్ళ మందం కిందికి దిగి ఉంది. ఒక్క తొక్కుడు తడబడింది.

మిడత చక్రం జానెడు ముందుగా గీత దాటింది. నీలం శాలువా ఆగిపోయింది.

"ఛీ!" మేడమ్ బ్రేక్ బలంగా తొక్కింది. మసాజ్ మనిషి ముందుకి తూలాడు. మోకాళ్ళ మధ్య పంపు ముందు సీటుకి కొట్టుకుని, పిడి లోపలికి దిగబడింది.

పానా ముందే కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళో చక్రాన్ని పిస్టల్ చేతికి అడ్డంగా తోశాడు. దగ్గులు, కేకలు. తలుపులు తెరిచింది మేడమే. స్కార్ఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని ట్రాఫిక్ పోలీసుల చేతుల్లోకి వెళ్ళి పడింది.

గీత దగ్గర నలభై మంది ఫోటోగ్రాఫర్లు ఒక్కసారిగా మిడత వైపు తిరిగారు. ఒక్క లెన్స్ మాత్రం ఓడినవాడి మీదే ఉండిపోయింది. అక్కడే కాపు కాసిన చీఫ్‌కి ఆ ఒక్క తప్పు చాలు, షూటర్‌ని పట్టేశాడు. ఆ కెమెరాలో ఫిల్మ్ లేదు, తూటా ఉంది.

గంట తర్వాత టీమ్ ట్రక్కులో గడియారం తలపాగాల్లా చుట్టిన తువ్వాళ్ళ మధ్య తల వంచుకుని కూర్చున్నాడు. నీలం శాలువా మెట్లెక్కింది. ముఖం కొత్తది. అతను గుర్తుపట్టలేదు.

"అంతసేపు నిలబడి తొక్కావు, నడుం నొప్పి పెట్టట్లేదురా?"

గొంతు పాతదే. అతను లేవబోయి లేవలేకపోయాడు.

"ఓడిపోయానమ్మా."

"తెలుసు నాన్నా. అందుకే బతికొచ్చా."

మర్నాడు చీఫ్ బల్ల మీదకి టీమ్ నుంచి కొత్త మెకానిక్ పేరిట ఒక ఉత్తరం వచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారయ్యా. ఒక్క బోల్టు కూడా సరిగ్గా బిగించడం రాదట."

"నిజమే సార్," అన్నాడు పానా. "ఇంకో పావు తిప్పు వదులు చెయ్యాల్సింది."