ఊకొట్టే చెవి

ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేసే ఆవిడని రోగులంతా చెవులమ్మ అనేవారు. మొదట్లో మూతి ముడుచుకునేది గానీ, పోనుపోను అలవాటైపోయింది. పని చెప్పుకోవడానికి చిన్నదే. చప్పుడు చొరబడని ఓ ఇరుకు గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, తలుపు బిగించి, అద్దానికి ఇవతల తను కూర్చుంటుంది. బటన్ నొక్కితే అవతల చెవిలో సన్నగా కూత వస్తుంది. వినిపిస్తే చెయ్యెత్తాలి, లేకపోతే ఊరుకోవాలి. అంతే. "ఎంతటివాడి చేతైనా చేతులెత్తించేస్తుంది మా ఆవిడ" అని ఆమె భర్త ఇంటికొచ్చిన ప్రతివాడి దగ్గరా వేళాకోళం చేసేవాడు.

ఆ భర్తని చిన్నప్పటి నుంచీ అందరూ రేడియో అనే పిలిచేవారు. ప్రింటింగ్ ప్రెస్సులో ఉద్యోగం. అక్కడ పగలంతా మిషన్ల రొద, ఇంటికొస్తే పాటలు. పాట లేనిదే ఆయనకి ముద్ద దిగేది కాదు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే లేచి కూర్చుని, "ఏమోయ్, ఎడమ పక్క ఎవరో తలుపేసేసినట్టుంది" అన్నాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు. నరం చచ్చిపోయింది, ఇక ఆశ పెట్టుకోవద్దన్నారు డాక్టర్లు. ఆయనకి పరీక్ష చేసింది చెవులమ్మే. కూతని ఆఖరి గీత దాకా పెంచింది. అద్దం అవతల ఆయన ఆమెనే చూస్తూ నవ్వుతూ కూర్చున్నాడు. ఒళ్లో చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఆ రోజు ఆవిడ బాత్రూంలో కుళాయి తిప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

రేడియో మాత్రం హాస్యం మానలేదు. "ఇన్నాళ్లూ నువ్వన్నవన్నీ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాణ్ణి. ఇక ఆ దారి మూసేశారు. విన్నదంతా లోపలే ఉండిపోతుంది, కాస్త చూసి మాట్లాడు" అనేవాడు. ఆమె నవ్వేది. లోపల మాత్రం ఒకటే గుబులు. ఆ మిషన్ల హోరులో ఉన్న ఒక్క చెవీ పోతే ఈ మనిషి ఏమైపోతాడు?

ఆ భయం ఆయనకీ ఉందేమో, పాత స్పీకర్ల పిచ్చి అప్పుడే పట్టుకుంది. ఈ కాలపు చిన్న డబ్బాలు కాదట. చెక్క పెట్టెలో కాగితపు కోను ఉండేవి, వెనకటి తరం వాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసినవి కావాలట. "ఉన్నన్నాళ్లూ మంచిది వింటానోయ్" అన్నాడు. ఆ మాట తర్వాత ఆమె ఇక అడ్డు చెప్పలేకపోయింది.

వెతగ్గా వెతగ్గా ఓ ముసలావిడ ఇంట్లో దొరికాయి. మేడ మీద రెండు గదులు, మూసి ఉన్న కిటికీలు, చాలాకాలంగా విప్పని దుప్పట్ల వాసన. నడుమెత్తు పెట్టెలు రెండు, తప్పు చేసిన పిల్లల్లా గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. రేడియో మోకాళ్ల మీద కూర్చుని వాటిని ఇవతలికి తిప్పాడు. ముందున్న గుడ్డ తీసి, కోనుని వేలికొసలతో మెల్లగా నొక్కి చూశాడు. చిన్న చిరుగు కూడా లేదు. ఆయన ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో అనుకుంది చెవులమ్మ.

ముసలావిడ బేరమేమీ ఆడలేదు. ఒక్క మాట అడిగింది.

"బాబూ, నీకు రెండు చెవులూ బాగానే వినిపిస్తాయి కదా?"

రేడియో తడుముకోకుండా, "బ్రహ్మాండంగా వినిపిస్తాయండీ!" అన్నాడు. ఒంటి చెవివాడికి ఇంత మంచి సరుకు ఎందుకని ఇవ్వడం మానేస్తుందేమోనని ఆయన భయం. చెవుల గురించి చెవులమ్మ ఎవరి దగ్గరా అబద్ధం ఆడదు. ఆ రోజు మాత్రం ఊరుకుంది.

ఇంటికి తెచ్చాక హాల్లో సోఫా బయటికి పోయింది. రెండు పెట్టెలూ చెరో మూలా, వాటికెదురుగా మధ్యన ఒక కుర్చీ. మొదటి పాట పెట్టగానే చెవులమ్మకే ఒళ్లు జలదరించింది. పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. రేడియో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆ వారమంతా ఆ ఇంట్లో పండగే అనుకోండి.

తర్వాత ఒక సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పాట లేదు. లైటు లేదు. హాల్లోంచి మాత్రం ఆయన గొంతు వినిపించింది.

"ఊఁ."

కాసేపాగి, మళ్లీ "ఊఁ."

ఫోన్లో మాట్లాడుతున్నాడనుకుంది. కానీ ఫోను బల్ల మీద ఉంది. యాంప్లిఫయర్ ఆపేసి ఉంది. ప్లగ్గు కూడా ఊడదీసి ఉంది. ఆయన కుర్చీలో తల ఒక పక్కకి వాల్చి, కథ వినే పిల్లాడిలా ఊకొడుతున్నాడు.

"ఎవరితోనండీ?" అంది మెల్లగా.

ఆయన ఉలిక్కిపడి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వినిపిస్తోందోయ్! ఎడమ చెవి వినిపిస్తోంది! ఎవరో పెద్దాయన... ఏదో చెబుతున్నాడు. పాత రోజుల సంగతులు. నీకు వినిపించట్లా?"

ఆమెకి ఏమీ వినిపించలేదు. అయినా గుండె ఒక్కసారి ఎగిరింది. నరం బతికిందా? డాక్టర్ల మాట తప్పయిందా? అరచేత్తో ఆయన ఎడమ చెవిని గట్టిగా మూసింది.

"ఇప్పుడో?"

"ఇప్పుడింకా బాగా వినిపిస్తోంది."

ఆమె చెయ్యి తీసేసింది. చెవి మూస్తే బయటి చప్పుడు తగ్గాలి. పెరిగిందంటే, అది లోపల ఉన్నదన్నమాట.

మర్నాడు ఆదివారం. ఓ పూట గది తెరవమని కాపలాదారుని బతిమాలుకుని, ఆయన్ని మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఖాళీ వరండా నిండా ఫినాయిల్ వాసన. ఇరుకు గదిలో కూర్చోబెట్టి, తలుపు బిగించింది. కుడి చెవికి ఏ లోటూ లేదు. కూత పెట్టినప్పుడల్లా చెయ్యి లేచింది. ఎడమ చెవికి మార్చింది. పెంచింది. ఇంకా పెంచింది. ఆఖరి గీత దాకా వెళ్లింది. చెయ్యి లేవలేదు. నరం చచ్చే ఉంది.

ఆమె బటన్ మీంచి వేలు తీసేసింది.

అద్దం అవతల ఆయన చెయ్యి లేచింది.

దిగింది. మళ్లీ లేచింది.

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఏ మీటా కదలడం లేదు. అవతల చెయ్యి మాత్రం లేస్తోంది... దిగుతోంది... ఆయన పెదవులు కదులుతున్నాయి. లోపలి మైకులో ఏమొస్తోందో వినడానికి ఇయర్‌ఫోన్ కుడి చెవికి ఆనించుకుని, ఎప్పట్లాగే ఎడమ చెవిని అరచేత్తో మూసుకుంది. సన్నటి చప్పుడు పట్టుకోవాలంటే ఆమె అలాగే చేస్తుంది, ఏళ్ల నాటి అలవాటు.

"ఊఁ... ఊఁ..."

"ఏం వింటున్నారండీ?" అని అడిగింది మైకులో.

"కాసేపాగు. ఆయనింకా చెబుతున్నారు." గొంతు బాగా నీరసించింది. "నన్ను ఆపొద్దంటున్నారోయ్. ఊకొట్టడం ఆపొద్దంట."

ఆయన్ని ఇంట్లో పడుకోబెట్టి, ఆమె పరుగున ముసలావిడ ఇంటికి వెళ్లింది. తలుపు తెరుచుకోగానే, "అమ్మగారూ, ఆ పెట్టెలు వెనక్కి తీసుకోండి, మీకు పుణ్యముంటుంది" అంది.

ముసలావిడ ఆమె ముఖంలోకి చూసి, "ఒక్క చెవేనా?" అంది.

చెవులమ్మ తలూపింది.

"అందుకే కదమ్మా అడిగాను." ఆవిడ గుమ్మంలోనే చతికిలబడింది. "మా ఆయన మాట మొదలుపెడితే ఆపేవారు కాదు. ఎదుటివాళ్లు ఊకొడుతూనే ఉండాలి. పోయాక కూడా ఆ పెట్టెల్లో కూర్చుని చెబుతూనే ఉన్నారు. నేను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేదాన్ని. ఇటు నుంచి వచ్చి అటు నుంచి పోయి, మళ్లీ పెట్టెలో కూర్చునేవారు. అలాగే నెట్టుకొచ్చాను. మీ ఆయనకి అవతలి తలుపు లేదుగా. వెళ్లేందుకు దారి లేక లోపలే నిలబడి తలుపు కొడుతుంటారు. ఇక ఆ పెట్టెలు తెచ్చి ఏం లాభం? అవి ఖాళీ."

"ఊకొట్టడం మానేస్తే?"

"మా అబ్బాయి మానేశాడు" అంది ముసలావిడ. అబ్బాయి ఏమయ్యాడో చెప్పలేదు. చెవులమ్మకి అడిగే ధైర్యం చాల్లేదు.

ఆమె మెట్లు దిగుతుంటే ముసలావిడ పైనుంచి పిలిచింది. "రెండు చెవులూ బాగున్నవాళ్లెవరైనా తమలోకి తీసుకుని వదిలేయొచ్చమ్మా. చెవికి చెవి ఆనించాలి. అవతలి చెవి మాత్రం తెరిచి ఉంచాలి. మరిచిపోకు."

ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. లైటు వేసింది. రేడియో పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఊఁ" అనడానికి కూడా ఓపిక లేదు. ఒకటి అన్నాక ఇంకోటి వచ్చేసరికి చాలాసేపు పడుతోంది. ఆ మధ్యలో గది చల్లబడుతోంది. తడిసిన పాత కాగితం వాసన... పెట్టెల్లోంచి కాదు, ఆయన ఊపిరిలోంచి.

"అలిసిపోయానోయ్" అన్నాడు. "ఇక ఆపేస్తా."

"ఆపకండి! మీకు దణ్ణం పెడతాను. ఇంకొక్కసారి అనండి!"

"ఊఁ..."

ఆమె మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆ గొంతు తనలోకి రావడమంటే భయమే. కానీ ఈ మనిషి లేని ఇల్లు ఊహించుకుంటే అంతకంటే భయం వేసింది. తన కుడి చెవిని ఆయన ఎడమ చెవికి ఆనించి, కళ్లు మూసుకుంది.

మొదట ఏమీ లేదు. చల్లదనం. అంతే.

తర్వాత... ఎక్కడో దూరంగా... గొణుగుడు.

మాటలు తెలియడం లేదు. మరీ సన్నగా ఉంది. ఆమె ఊపిరి బిగబట్టింది. మనసంతా ఆ చెవిలోకి తెచ్చుకుంది. ఇంకొంచెం... ఇంకొంచెం స్పష్టంగా... ఆ, ఇప్పుడు తెలుస్తోంది. ముసలి గొంతు. దగ్గరికొస్తోంది. నడుచుకుంటూ వస్తున్నట్టు... గుమ్మం దాటినట్టు...

రేడియో ఒక్కసారిగా పెద్దగా ఊపిరి తీసుకున్నాడు.

"పోయింది!" అన్నాడు. "పోయిందోయ్... ఏమీ వినిపించట్లేదు. హమ్మయ్య!" చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మంచం మీద లేచి కూర్చున్నాడు. ముఖంలోకి రక్తం వచ్చింది. దాహం వేస్తోందన్నాడు, ఆకలేస్తోందన్నాడు. చెవులమ్మ ఆయన్ని చూస్తూ నవ్వుతోంది, ఏడుస్తోంది. పోనీలే, ఒక్క చెవైతేనేం, మనిషి దక్కాడు.

"అది సరేగానీ, నువ్వెందుకలా చెవి మూసుకున్నావు?" అన్నాడు రేడియో.

ఆమె అప్పుడు చూసుకుంది. తన ఎడమ అరచెయ్యి ఎడమ చెవికి గట్టిగా అదిమిపెట్టి ఉంది. ఎప్పుడు పెట్టుకుందో తనకే తెలియదు.

మెల్లగా చెయ్యి తీసింది. వీధి కిటికీ ఆ పక్కనే ఉంది. బళ్లు పోతున్నాయి, ఎదురింటి పిల్లలు అరుచుకుంటున్నారు. అవన్నీ ఆమెకి కుడి పక్క నుంచే వినిపిస్తున్నాయి. ఎడమ పక్కంతా ఎవరో తలుపేసేసినట్టుంది.

"ఏమైందోయ్? అలా ఉన్నావేం?"

ఆమె తల కొంచెం పక్కకి వాలింది.

"ఊఁ" అంది.

"నేనేం అనలేదే!" అన్నాడు రేడియో.