పేరు పెట్టి పిలవని నుయ్యి

అరవై ఏడో సంవత్సరం వైశాఖం. ఆమదాలవలసకి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరికి వానదేవుడు మొహం చాటేసి అప్పటికి రెండేళ్లయింది. ఊరికున్న ఒక్క నుయ్యీ అడుగంటిపోయింది. పైనుంచి చేద వేస్తే బురద తప్ప ఏమీ రాదు. అందుకని ఓ ఆడమనిషి నడుముకి మోకు కట్టించుకుని కిందికి దిగేది. మోకు విప్పి కుండకి కట్టి, కొబ్బరి చిప్పతో ఊటనీళ్లు తోడి నింపితే పైనున్నవాళ్లు లాగేవారు. అదీ మిట్టమధ్యాహ్నమే. ఎండ నిటారుగా పడే ఆ కాసేపే అడుగున వెలుతురుండేది.

దిగేదెవరన్న తగువే లేదు. ఊళ్లో బక్కపల్చని కోడలెవరో ఆమే దిగాలి. ఆ యేడు ఆ భాగ్యం చిన్నతల్లికి దక్కింది. పందొమ్మిదేళ్లది, పోతురాజుకి రెండో పెళ్లాం. మొదటి పెళ్లాం లక్ష్మణమ్మ కిందటి వేసవిలో ఈ నూతిలోనే పడి చచ్చిపోయింది. కాలు జారిందని పోతురాజు చెప్పాడు. ఊరు సరేనంది. చీకటి పడ్డాక, చుక్క నీళ్లు లేని నూతికి ఆ మనిషి ఎందుకెళ్లిందని ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన నోళ్లన్నీ ఆ పూట గంజి తాగుతూ కూర్చున్నాయి.

నూతిలోకి దిగిన మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. అది అక్కడి ఆడవాళ్ల కట్టుబాటు. పనుంటే మోకు రెండుసార్లు కుదపాలి, అంతే. పిలిస్తే ఎవరు పలుకుతారో చెప్పలేమనేవారు. మగాళ్లకి ఈ సంగతి తెలీదు. వాళ్లు నీళ్లకి వచ్చిందెప్పుడు గనక!

"ఒలే గుంటా, బేగి తోడు. నీ కుండ ఆఖర్న కట్టుకో," అంది పక్కింటి దాలమ్మ మోకు వదులుతూ.

"నిండకపోతే ఏటి సేత్తానత్తా? నిన్న ముప్పాతిక కుండ తెచ్చినానని వీపు సీరీసినాడు. కన్నోరింటికి ఎలిపోతానన్నాను. 'ఎలాగెల్తావో నానూ సూత్తాను' అన్నాడు."

దాలమ్మ మోకు ఇంకాస్త వదిలింది. ఏం చెబుతుంది పాపం!

అడుగున చల్లగా ఉంది. కుళ్లిన ఆకుల వాసన, గబ్బిలాల రెట్ట వాసన. చిప్ప రాతిని గీరుతున్న చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. అందరి కుండలూ పైకి పోయాయి. తన కుండ సగమైనా నిండకముందే ఎండ గోడెక్కేసింది. అడుగున చీకటి పడింది.

అప్పుడు వినిపించింది పైన పోతురాజు గొంతు.

"ఎల్లండే! నా పెల్లాన్ని నాను లాగుకోలేనేటి?"

"అది కాదు బాబూ, పేరెట్టి మాత్రం..." దాలమ్మ ఏదో చెప్పబోయింది.

"నోరుముయ్యి!"

అడుగుల చప్పుడు దూరమైంది. పైన గుండ్రంగా కనిపిస్తున్న ఆకాశంలో ఒక తలకాయ మిగిలింది. చిన్నతల్లికి లక్ష్మణమ్మ కాలు ఎలా జారిందో ఆ క్షణాన తెలిసిపోయింది. మోకు ఆడి చేతిలో ఉంది. సగం దాకా లాగి వదిలేస్తే అడిగే నాథుడు లేడు. తను బతికి బయటపడాలి. ఎలా?

"ఒసే సిన్నతల్లీ!"

ఆమె నోరు తెరిచింది. తను పలికేలోపే...

"ఓయ్..."

ఎవరో పలికారు. తన పక్కనుంచే...

తడిసిన జుట్టు వాసన వేసింది. ఆమె తల తిప్పలేదు. తిప్పలేకపోయింది. కాలి దగ్గర పడున్న మోకు కొస మెల్లగా లేచింది. బిగుసుకుంది. అది తన నడుముకి లేదు... కుండకీ లేదు... అయినా పైకి పోతోంది. గిలక కిర్రుమంటోంది. చుక్కలు చుక్కలుగా నీళ్లు ఆమె మొహం మీద పడుతున్నాయి.

"ఇంత బరువెక్కినావేటే?" పైన నవ్వు. నవ్వు సగంలో ఆగింది.

"నువ్వా..."

గిలక ఆగింది.

ఏదో పెద్ద బరువు ఆమెని రాసుకుంటూ కింద పడింది. నీళ్లు చిందలేదు. చప్పుడు లేదు. చేతులతో బురదంతా తడిమింది. ఏమీ దొరకలేదు. చీలమండల దాకా లేని నీళ్లు మోకాళ్లకి వచ్చాయి.

ఎంతసేపైందో... మోకు కిందికొచ్చింది. రెండుసార్లు కుదిపారు.

ఇంకెవరొస్తారు, దాలమ్మే వెనక్కి వచ్చిందనుకుంది. బతికానురా దేవుడా అనుకుని మోకు కట్టుకుంది. తను ముంచకుండానే నిండిపోయిన కుండ ఒళ్లో పెట్టుకుని పైకి వచ్చింది. గట్టు మీద పోతురాజు ఒక్కడే నిలబడి ఉన్నాడు. తిట్టలేదు. చెయ్యెత్తలేదు. నిండుగా తొణుకుతున్న కుండ అందుకుని, ఎడమ చంకన పెట్టుకుని, ఒక చెయ్యి ఊపుకుంటూ ముందు నడిచాడు. చంకన కుండ పెట్టుకున్న మగాణ్ణి ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఇంట్లో కుండ దింపి, చెంబుతో నీళ్లు ముంచి ముందు ఆమెకే ఇచ్చాడు.

"తాగు సెల్లీ."

ఆమె తాగలేదు. అతను చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలెట్టాడు. ఇక తన్నులు లేవని ఆమెకి తెలిసిపోయింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఎదురుగా కూర్చున్నది ఎవరో తెలియకపోతే మాత్రం ఆ ఇంట్లో రాత్రికి ఆమెకి కునుకు పట్టదు. పెళ్లయినప్పట్నించీ మొగుడి పేరు నోటంట అనలేదు. ఏ ఆడదీ అనదు. గుండె చిక్కబట్టుకుని, గుసగుసగా అంది.

"పోతురాజూ..."

ఎదురుగా ఉన్న మనిషి తలెత్తలేదు.

"ఓయ్..." అని కుండలోంచి వినిపించింది. "లాగవే... నన్ను లాగవే..."

అతను రాళ్లు ఏరుతూనే, అటు చూడకుండానే చెయ్యి చాపి, కుండ మీద మూత పెట్టాడు.