బాదం ఆకు నీళ్ళలో నీలం చేప

“ఏవండీ, మీ కంప్యూటర్‌లో చేప సగమే వచ్చి ఆగిపోయింది.”

బందరు కోనేరు సెంటర్‌లో నెట్ సెంటర్ తెరిచి ఏడాది దాటినా, కృష్ణచైతన్యకు ఇలాంటి ఫిర్యాదు రావడం అదే మొదటిసారి.

“నెట్ స్లోగా ఉందండీ. మిగతా సగం కూడా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.”

“పావుగంట నుంచీ పడుతున్నాను. తలకాయ వచ్చింది, తోక రాలేదు. నాకు కావాల్సింది తోకే.”

చైతన్య లేచి వెళ్ళి ఆ అమ్మాయి వెనక నిలబడ్డాడు. అప్పుడే తెర మీద తోక మెల్లగా దిగింది. ముదురు నీలం, ఆరేసిన పరికిణీ కుచ్చిళ్ళలా విచ్చుకుని ఉంది. అమ్మాయి నోరు తెరిచి చేపను చూసింది. చైతన్య చేపను చూడలేదు.

పేరు రజని. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే చంద్రమౌళి గారి కూతురు. తండ్రి చెక్కే అచ్చులకు బొమ్మలు గీస్తుంది. నెమళ్ళూ తామరలూ గీసీ గీసీ విసుగెత్తి, కొత్త బొమ్మ కోసం వెతుకుతుంటే ఈ బెట్టా అనే పోట్లాట చేప దొరికింది.

“ఇంకేం, గీసెయ్యండి. ప్రింట్ తీసివ్వనా?”

“మా నాన్నగారు ఒప్పుకోరండీ. బొమ్మని చూసి గీసింది ఎంగిలి బొమ్మ అంటారు. కళ్ళెదురుగా చేప ఉంటేనే అచ్చు చెక్కుతారట.”

“అంతేకదా, తెప్పిద్దాం.”

“ఎక్కణ్ణించి? దీన్ని పెంచేది థాయ్‌లాండ్‌లో!”

“మాది నాగాయలంకండీ. రొయ్యల చెరువుల మధ్య పుట్టాను. నీళ్ళలో బతికేదాన్ని దేన్నయినా నాకొదిలెయ్యండి.”

గొప్పలకు పోవడం తేలిక. ఆ తర్వాత రెండు నెలలు మెయిళ్ళే మెయిళ్ళు. బ్యాంకాక్ దగ్గర చేపలు పెంచే పెద్దాయన ఇంగ్లీషు, మన చైతన్య ఇంగ్లీషు, రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. గురువారం గురువారం రజని పెడన నుంచి ప్యాసింజర్‌లో వచ్చేది. “చేపగారి కబురేమిటి?” అని అడిగేది. చైతన్యకు వారంలో మిగతా ఆరు రోజులూ దండగనిపించేవి.

ఒక మెయిల్‌లో పెద్దాయన అడిగాడు: మీ ఆవిడకు నీలం నచ్చుతుందా, ఎరుపా?

‘ఆవిడ కాదు’ అని రాయాలి. చైతన్య వేళ్ళు మీటల మీద చాలాసేపు ఆగాయి. చివరికి ‘నీలం’ అని మాత్రం కొట్టాడు.

చేప చెన్నై ఏజెంటు ద్వారా బుధవారం పొద్దున బస్సు పార్శిల్లో దిగింది. చైతన్య కవరు విప్పి వెలుగులో పెట్టి చూశాడు. నీళ్ళు టీ డికాషన్‌లా ఉన్నాయి.

నీళ్ళు రంగు మారితే రొయ్య పోతుందని, వెంటనే మార్చెయ్యాలని తండ్రి గోవర్ధనరావు చిన్నప్పటి నుంచీ నూరిపోశాడు. ఇంకేముంది, ఆ గోధుమరంగు నీళ్ళన్నీ పారబోసి, తొట్టెలో తళతళలాడే కుళాయి నీళ్ళు నింపి, చేపను వదిలాడు. పైగా బుడగలు వచ్చే మోటారు కూడా పెట్టాడు, చెరువులో పెట్టినట్టు.

గురువారం రజని వచ్చేసరికి చేప అడుగున పక్కకు ఒరిగిపోయి ఉంది. రెక్కలు ముడుచుకుపోయి, నీలం వెలిసిపోయింది.

పార్శిల్ దిగేసరికే అలా ఉందని చెబితే ఎవరికీ తెలియదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ రజని ఒళ్ళో తెల్లకాగితాల పుస్తకం, చెవి వెనక దోపుకున్న పెన్సిలూ చూశాక అబద్ధం గొంతు దాటలేదు.

“నేనే చేశానండీ. నీళ్ళు చెడిపోయాయనుకుని అన్నీ మార్చేశాను.”

రజని కళ్ళు ఎర్రబడ్డాయి. “నీళ్ళలో బతికేదాన్ని మీకొదిలెయ్యమన్నారుగా! వదిలేశాను, చూడండి ఏం చేశారో!”

చైతన్య తల వంచుకున్నాడు.

“ఆ కవరేదీ?”

చెత్తబుట్టలోంచి తీసిచ్చాడు. అడుగున నాలుగు చుక్కలు మిగిలి ఉన్నాయి. రజని వాసన చూసింది.

“ఇది కుళ్ళు కాదండీ. మేం బట్ట నానబెట్టే కరక్కాయ నీళ్ళూ ఇలాగే వగరు వాసనొస్తాయి. ఏదో ఆకు నాని ఉంటుంది. ఆయన చివరి మెయిల్ తెరవండి.”

తెరిచాడు. సగం చదివి వదిలేసిన మెయిల్ అది. కింద ఉంది: నీళ్ళలో ఎండు బాదం ఆకు వేశాను, రంగు చూసి భయపడకండి, అదే దానికి మందు. ఆ కింద ఇంకో వాక్యం ఉంది: మీ ఆవిడకు నా నమస్కారాలు.

రజని రెండూ చదివింది. చైతన్య చెవులు కాలిపోయాయి.

“బాదం చెట్టెక్కడుంది?” అంది, అంతే.

వీధి చివర స్కూల్లో ఉంది. ఇద్దరూ ఎండుటాకులు ఏరి, కడిగి, బిందెలో నానబెట్టారు. మోటారు ఆపేశారు. కొద్దికొద్దిగా పాత నీళ్ళు తీసి ఆకు నీళ్ళు పోశారు. రజని శుక్రవారం కూడా వచ్చింది. శనివారం కూడా వచ్చింది. చేప అడుగు నుంచి లేచింది.

ఆదివారం చంద్రమౌళి గారు వచ్చారు. ఆయన వంగి తొట్టెలోకి చూశారు. ఆయన కళ్ళజోడు అద్దంలో చేప తన నీడనే చూసుకుని, శత్రువనుకుందో ఏమో, తోక మొత్తం విప్పింది.

ఆయన వెనక్కి చెయ్యి చాచారు. “పెన్సిలిటివ్వమ్మా,” అన్నారు. మళ్ళీ తనే, “వద్దులే. నువ్వే గియ్యి. నేను చెక్కుతాను,” అన్నారు.

రజని గీస్తుంటే ఆయన చైతన్య వైపు తిరిగారు.

“నీళ్ళు పారబోసింది నువ్వేనా బాబూ?”

“నేనేనండీ.”

“ఒప్పుకున్నావట. అదీ మా అమ్మాయి చెప్పింది. ఆ థాయ్‌లాండ్ ఆయన నమస్కారాల సంగతీ చెప్పింది.” కళ్ళజోడు తుడుచుకున్నారు. “మా ఇంట్లో తెల్లనీళ్ళుండే గోలెం ఒక్కటీ ఉండదయ్యా. ఒకదాంట్లో కరక్కాయ, ఒకదాంట్లో ఎరుపు, ఇంకోదాంట్లో నలుపు. రంగు చూసి బెదిరేవాడు మాకెందుకు?”

“బెదరనండీ. ముందు వాసన చూసి, మీ అమ్మాయిని అడుగుతాను.”

ముసలాయన నవ్వు ఆపుకోలేకపోయారు. “అయితే మీ నాన్నగారిని ఒకసారి పెడన తీసుకురా,” అని, టీ తాగొస్తానంటూ బయటికి నడిచారు.

చైతన్య కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మెయిల్ తెరిచాడు.

“పెద్దాయనకు చేప బాగుందని రాస్తున్నానండీ. ఆ... ఆవిడ సంగతి దిద్దమంటారా?”

రజని కాగితం మీంచి తల ఎత్తలేదు. తోక చివర గీత నింపాదిగా పూర్తిచేసింది.

“ఉండనివ్వండి,” అంది.