ఎనిమిదివేల చుట్లు

కాదు కాదు, కొన్నది కాదు. ఆ తీగ చుట్టే మిషను వాడు సొంత చేతులతో చేసిందే. పాత కుట్టుమిషను మోటారు ఒకటి, బల్ల కోయగా మిగిలిన చెక్క ఒకటి, లెక్కలు చేసుకునే కాలిక్యులేటరు ఒకటి. అంతే. మా అక్క అల్లుడికి బుర్ర ఉంది, కాదనను. గుండెకాయే లేదు.

గిటారు తీగల కింద నల్ల బిళ్ళ ఉంటుంది చూడు, పికప్ అంటారు దాన్ని. లోపల అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ. ఆ తీగ ముందు వెంట్రుక కూడా మోకే. ఎనిమిదివేల చుట్లు చుట్టాలి. గట్టిగా ఊపిరి వదిలితే తెగుతుంది. తెగిందా, చుట్టిందంతా చెత్తబుట్టలోకే. అల్లుడు అవి చేసి అమ్మేవాడు, చుట్టేది మాత్రం వాడి పెళ్ళాం, మా మేనకోడలు. మొదట్లో చేత్తోనే తిప్పేది, లోలోపల లెక్కపెట్టుకుంటూ. అలవాటైపోయి కూర తరుగుతున్నా పెదాలు కదులుతూనే ఉండేవి. వీధిలో అందరూ "లెక్కల టీచరు" అని ఏడిపించేవాళ్ళు. దానికి బడి మొహమే తెలీదు.

తర్వాత అల్లుడు మిషను చేశాడు. వేగంగా తిరిగితే తీగ తెగుతుందని పెద్ద చక్రం కట్టి మెల్లగా తిప్పించాడు. మెల్లగానే, కానీ ఎద్దులా లాగేది. చక్రం ఒక్కసారి తిరిగితే కాలిక్యులేటరులో ఒక్క అంకె పెరుగుతుంది. ముందు కాలితో తొక్కే స్విచ్చి పెట్టాడు. పిల్లకి తుమ్మొచ్చినా దగ్గొచ్చినా కాలు తీసేసేది, ఆ కుదుపుకి తీగ తెగేది. వీడికి చిర్రెత్తింది. ఆ స్విచ్చి పీకేసి, వైరు గోడలోంచి లాగి, ముందు గదిలో తన బల్ల పక్కన ప్లగ్గు పెట్టుకున్నాడు. పిల్లేమో వెనక గదిలో. ఇక ఆపాలంటే వీడే ఆపాలి.

ఆ చక్రంలో దాని చున్నీ పడింది.

"నేను ఇంట్లో లేను, బజారుకెళ్ళాను" అన్నాడు అల్లుడు. అందరూ నమ్మారు. అక్క నమ్మలేదు. పిల్లని ఆ బల్ల మీంచి లేపుతున్నప్పుడు అక్క కాలిక్యులేటరు చూసింది. చదువు రాదు గానీ అంకెలు వచ్చు. సరిగ్గా ఎనిమిదివేలు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఇంట్లో ఎవరూ లేకపోతే మరి మిషను ఆపిందెవరు?

నెల తిరక్కుండా, ఒక మబ్బు మధ్యాహ్నం, పిల్ల బట్టలు తెచ్చుకుంటానని అక్క వెళ్ళింది. బయట వాన. అల్లుడు గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పొయ్యి మీద చిన్న గిన్నెలో మైనం కరుగుతోంది. గదంతా ఆ వాసనే.

"రండత్తయ్యా. నేను సగమైపోయాను చూశారుగా."

"చూస్తున్నా నాయనా. పాపం, చొక్కా గుండీలు కూడా పట్టట్లేదు."

వాడు మాట మార్చాడు. "ఇది... తను చుట్టిన ఆఖరిది. ఒకాయన అడుగుతుంటే, మోగుతుందో లేదో చూద్దామని బిగించా."

"మైనం దేనికి?"

"పికప్పుని అందులో ముంచాలండీ. లేకపోతే చుట్ల మధ్య గాలుండి తీగ వణుకుతుంది. పక్కన మనం మాట్లాడినా స్పీకర్లో వచ్చేస్తుంది. ముంచితే నోరు మూసుకుంటుంది."

అక్క వాడి మొహంలోకి చూసింది. "అయితే ముంచకముందే ఒకసారి వినిపించు. నా పిల్ల చేతిది."

వాడు వైరు గుచ్చాడు. స్పీకరు సన్నగా రొద పెట్టింది. ఆ రొదలోంచి ఊపిరి... ఎవరో నోరు దగ్గరగా పెట్టినట్టు.

"...ఏడువేల ఆరొందల తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది..."

అల్లుడి వేళ్ళు తీగల మీద లేవు.

"...ఏడువేల ఏడొందలు... ఏమండీ... ఏమండీ, ఆపండి... చున్నీ..."

దాని వెనకే ఇంకో గొంతు. దూరంగా, విసుగ్గా. "ఉండవే! ఇంకెంత, మూడొందలే. మధ్యలో ఆపితే మొత్తం పోతుంది."

అది అల్లుడి గొంతు.

వాడు వైరు పీకేశాడు. స్పీకరు ఆగలేదు. ఇప్పుడు మాటల్లేవు... గురక. బిగుసుకున్న గొంతులోంచి... గురక.

"అత్తయ్యా, ఒట్టు... నాకు సరిగ్గా వినబడలేదు..."

"బజార్లో ఉన్నావుగా," అంది అక్క.

వెనక గదిలో మిషను తిరగడం మొదలైంది.

కిర్ర్... కిర్ర్... వేడెక్కిన ఇనుము వాసన. దాంతోపాటు తలకి రాసుకునే నూనె వాసన, పిల్లది. వాడు లోపలికి పరిగెత్తి చక్రం పట్టుకున్నాడు. గాల్లో ఆడుతున్న తీగ కొస వేలికి చుట్టుకుంది. రెండో వేలికి. మణికట్టుకి. లాగాడు. ఊపిరికి తెగే తీగ... తెగలేదు. భుజం దాటింది. మెడ...

"అత్తయ్యా... ప్లగ్గు... మీ పక్కనే... పీకండి..."

నిజంగానే చేతికందేంత దూరంలో ఉంది. అక్క చెయ్యి చాపింది కూడా. ఎంతైనా ఒక తల్లి కన్న బిడ్డే కదా అనిపించిందట. సరిగ్గా అప్పుడే స్పీకరులో గురక ఆగిపోయింది. అమ్మ ఏం చేస్తుందా అని పిల్ల చూస్తున్నట్టు...

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉండు నాయనా," అంది మెల్లగా. "ఇంకెంత, మూడొందలే."

పిల్ల గొంతు మళ్ళీ ఎత్తుకుంది. ఏడువేల ఏడొందల ఒకటి... రెండు...

అక్క బయటికొచ్చి గడియ పెట్టింది. మెట్ల మీద వానలోనే కూర్చుని ఒక్కో అంకె వింది. ఎనిమిదివేలు. అక్కడితో అయిపోవాలి. అవలేదు.

ఎనిమిదివేల ఒకటి... రెండు...

ఆ గొంతు పిల్లది కాదు. అల్లుడిదీ కాదట. అంతకుముందు ఎప్పుడూ విన్న గొంతే కాదట.

రాత్రంతా అక్క అక్కణ్ణించి కదల్లేదు. గడియ మీద చెయ్యి తియ్యలేదు. కిటికీలకి చువ్వలున్నాయి, వెనక తలుపు లేదు. వెలుగొచ్చాక పక్కింటివాళ్ళని పిలిచి తలుపు తీయించింది. మైనం గిన్నెలో గట్టిపడి ఉంది. గిటారు నేల మీద ఉంది. చొక్కా బల్ల మీద ఉంది, గుండీలన్నీ పెట్టే ఉన్నాయి.

తెల్లారేసరికి అల్లుడు లేడు.